పేరున్న చోటే కూర్చున్న యుమ్నా

మా ఖానాపూర్ బస్టాండుకు ఎదురుగా రాజేశం మందుల దుకాణం. కౌంటరు వెనక గోడకు అద్దాల ఫ్రేములో ఒక ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుండేది. దాని మీద యుమ్నా పేరు, ఫోటో ఉండేవి. మనిషి మాత్రం ఉండేది కాదు.

డాక్టరు చిట్టీ మీద ఇచ్చే మందులు ఫార్మసిస్టు ఎదుటే ఇవ్వాలని చట్టం. చిన్న ఊళ్లలో ఆ చట్టాన్ని చాలామంది గోడకు తగిలించి ఊరుకుంటారు. రాజేశం చెడ్డవాడు కాదు. చదివింది పదో తరగతే అయినా, ఏళ్ల తరబడి ఆ కౌంటరులో నిలబడి మందుల పేర్లు నేర్చుకున్నవాడు. యుమ్నా తండ్రి జియావుల్లా ఆయనకు పాత దోస్తు. రైతుల బావి మోటార్లకు వైండింగ్ చేస్తాడు. యుమ్నా కరీంనగర్‌లో డి.ఫార్మసీ చదివి ఇంటికి వచ్చిన కొత్తలో, "పిల్ల ఇంట్లనే ఉంటది గద, కాగితం నాకియ్యి" అని రాజేశం అడిగాడు. దోస్తు మాట కాదనలేక జియావుల్లా ఇచ్చేశాడు. యుమ్నాను ఎవరూ అడగలేదు.

నేను పెంబి బడిలో పంతులును. కాపురం ఖానాపూర్‌లో. ఒకరోజు పొద్దున బస్సు కోసం నిలబడి ఉండగా, యుమ్నా రోడ్డు దాటి నేరుగా ఆ దుకాణంలోకి వెళ్లడం చూశాను. తెల్ల కోటు చేతి మీద మడిచి వేసుకుంది. తలనొప్పి మాత్ర కోసం నేనూ వెనకాలే వెళ్లాను.

"ఏం కావాలె బిడ్డా? మీ అమ్మీకి బీపీ గోలీలా?" అన్నాడు రాజేశం.

"గోలీలు వద్దు కాకా. కుర్చీ కావాలె."

రాజేశానికి అర్థం కాలేదు. ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది.

"గాడ నా పేరున్నది. రేపు ఎవలకన్న ఏమన్న అయితే అడిగేది నన్నే. ఇంట్ల కూసుండి నేనేం జవాబు చెప్పాలె?"

"అరే, నెల నెలా పైసలు పంపుతనే ఉన్న గద! హాయిగ ఇంట్ల ఉండక గీ పరేషాన్ ఎందుకు?"

"కిరాయికిచ్చుకునేటందుకు నేను ఇల్లు గాదు కాకా. నన్నన్న కూసుండనియ్యి, లేకుంటే నా కాగితమన్న దించియ్యి."

కాగితం దిగితే దుకాణం లైసెన్సూ దిగుతుంది. రాజేశం నా వంక చూశాడు, నేనేదో సర్దిచెప్తానని. నేను నా మాత్ర తీసుకుని నీళ్ల కోసం వెతుక్కున్నాను. కాసేపటికి ఆయన లోపలి గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. యుమ్నా కోటు తొడుక్కుని కూర్చుంది. ఆ ముఖంలో ఆనందం చూడాలి! ఏదో కోట గెలిచినట్టు నలువైపులా చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి మహబూబ్‌బీ గొడవ పెట్టిందట. "దుకాణ్ మే బైఠేగీ? లోగాఁ క్యా బోలేంగే?" అని. దుకాణంలో కూర్చుంటే జనం ఏమంటారోనని ఆమె బాధ. జియావుల్లా రాగితీగ చుడుతూనే జవాబిచ్చాడట. "బోర్డు మీద నా పేరు రాసి నేను దుకాణంల లేకపోతే, రైతు మోటార్ తిరుగుతదా? ఉండనీ పిల్లను."

పదిరోజులు తిరక్కముందే ఊరంతా ఆమె గొంతు విన్నది. ఎక్కడి నుంచో జీపులో దిగిన ఒక మనిషి, నిద్రమాత్రలు పెద్ద డబ్బా నిండా కావాలన్నాడు. చిట్టీ అడిగితే నవ్వాడు. ఎంతైనా ఇస్తానని రాజేశం వైపు వంగాడు. ఆ డబ్బాలు ఎక్కడికి పోతాయో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. కల్లు కుండల్లోకి. ఆ మందు కలిపిన కల్లు కొన్నాళ్లు తాగినవాడు ఒక్కపూట తాగకపోయినా చేతులు వణుకుతాయి, మెడ వంకర పోతుంది, పిచ్చిచూపులు చూస్తాడు. రాజేశం తటపటాయిస్తుండగానే యుమ్నా కుర్చీలోంచి లేచి, బస్టాండు దాకా వినిపించేట్టు అరిచింది.

"ఓ అన్నలాలా! గీయనకు చిట్టీ లేకుండ నిద్ర గోలీలు డబ్బకు డబ్బ కావాల్నట! ఇంట్ల ఎంతమంది పండుకుంటలేరో జర అడుగుండ్రి!"

బస్టాండంతా ఇటు తిరిగింది. కండక్టర్లు, పల్లీలమ్మే ఆమె, ఆటోవాళ్లు, అందరూ ఒక్కటే నవ్వు. ఆ మనిషి జీపెక్కి దుమ్ము లేపుకుంటూ పోయాడు. రాజేశం నుదుటి చెమట తుడుచుకుని, "ఇంత గొంతు ఉన్నదని తెల్వదు బిడ్డా" అన్నాడు.

ఆ గొంతు అసలు పనికి వచ్చింది మాత్రం తర్వాతి అంగడి రోజున.

అంగడంటే మా దగ్గర వారం వారం జరిగే సంత. చుట్టుపక్కల అడవి పల్లెలన్నీ ఊళ్లోకి దిగుతాయి. నేను ఉల్లిగడ్డలు బేరం చేస్తున్నాను. మందుల దుకాణం ముందు గోల లేచింది. పరుగెత్తి వెళ్లి చూస్తే, మేదరి సారయ్య మెట్ల పక్కన పడి ఉన్నాడు. మూర్ఛ అప్పుడే తగ్గుముఖం పట్టింది. ఆయన భార్య నాగవ్వ రాజేశం మీద విరుచుకుపడుతోంది.

"ఏండ్లాయె మా మనిషికి ఫిట్స్ రాక! ఒక్క పూట తప్పకుండ మింగుతుండు. నువ్వు కొత్త గోలీలు ఇచ్చినంక ఇది రెండోసారి పడుడు. ఏమిచ్చినవ్, చెప్పు!"

యుమ్నా సారయ్యను పక్కకు ఒత్తిగిలించి, ఊపిరి సరిగా ఆడుతోందని చూసుకున్నాక లేచింది. "నాగవ్వా, గా గోలీలు ఏవీ?" అంది. నాగవ్వ కొంగుముడి విప్పి అట్ట ఇచ్చింది. కొత్త ఏజెంటు తెచ్చిన సరుకు. అల్మారా మూలన పాత సరుకు ఒకటి రెండు అట్టలు మిగిలి ఉన్నాయి. యుమ్నా రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో పాత మాత్ర, ఒకదాంట్లో కొత్త మాత్ర వేసింది. మేమంతా కౌంటరు మీదికి వంగాం. పాత మాత్ర చూస్తుండగానే పొడిపొడిగా విచ్చుకుంది. కొత్తది అడుగున గులకరాయిలా అలాగే ఉంది. స్పూనుతో కదిపినా కరగలేదు.

"ఏందిది?" అన్నాడు రాజేశం.

"గిది రుజువు గాదు కాకా. అనుమానానికి మాత్రం సరిపోతది."

ఆమె అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. నిర్మల్‌లో ఉన్న డ్రగ్ ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి వెంటనే ఎత్తాడు. ఆ సరుకు అమ్మడం ఆపేయమనీ, ఒక్క అట్ట కూడా పారేయొద్దనీ, ఏజెంటుకు వాపసు ఇవ్వొద్దనీ, తాను బయల్దేరుతున్నాననీ చెప్పాడు. ఫోను పెట్టేశాక యుమ్నా బయట అంగడి వైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

"అమ్మినయి ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో! సాయంత్రం అయితే గీ జనమంత అడివిల వడి పోతరు. ఆడ ఫోన్లు కలువయి. ఇప్పుడే దొరకవట్టాలె."

"మైకుల చెప్తే నా దుకాణం ఇజ్జత్ పోతది బిడ్డా..." అన్నాడు రాజేశం. అంటూనే బయటికి చూశాడు. సారయ్య తల నాగవ్వ ఒళ్లో ఉంది. కొంగుతో నోటి నురగ తుడుస్తోంది. రాజేశం మాట మధ్యలోనే మింగేశాడు. ఒక్క అంగలో మెట్లు దిగి, "మల్లేష్! ఓ మల్లేష్! ఎరువుల ప్రచారం మైకు నీ ఆటో మీదనే ఉన్నదా?" అని అరిచాడు.

ఉంది. మల్లేష్ ఆటో తిప్పుకుని వచ్చాడు. ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ మనిషి. మైకు అందుకోగానే మొదలుపెట్టాడు. "రాజేశం దుకాణంల కొన్న ఫిట్స్ గోలీలు ఎవలు మింగకుండ్రి! మింగకుండ్రి!"

యుమ్నా పరుగున వెళ్లి మైకు గుంజుకుంది.

"మింగకుండ్రి అనకు అన్నా! ఫిట్స్ ఉన్నోళ్లు ఒక్కసారే మందు మానేస్తే ఇంకా గట్టిగ వస్తయి. తెచ్చి మార్చుకపొమ్మను. మంచియి ఊకెనే ఇస్తమని చెప్పు!"

ఊరికే ఇవ్వడానికి మంచివి ఉండాలి కదా. ప్రభుత్వ దవాఖాన డాక్టరమ్మ జ్యోతిరాణికి కబురు వెళ్లింది. మాత్రల పెట్టె పంపుతుందనుకున్నాం. ఆవిడే స్కూటీ మీద పెట్టె ముందర పెట్టుకుని వచ్చేసింది. "ఎవరికి ఎంత మోతాదో చూడకుండ మారిస్తే అదింకో కథైతది" అంటూ కౌంటరు దగ్గరే కూర్చుంది.

ఇక చూడండి సందడి! మల్లేష్ ఆటో, రికార్డు చేసిన మాటలే తిప్పి తిప్పి వినిపిస్తూ, కూరగాయల వరసలోంచి మేకల అంగడి దాకా చక్కర్లు కొట్టింది. జియావుల్లా మసీదుకు వెళ్లి పెద్దలను అడిగి మైకులో తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పించాడు. మేకలు అమ్ముకోవడానికి వచ్చిన ఒక గోండు పెద్దాయన, సంగతి విని, బండి మీదికెక్కి తన భాషలో కేకేశాడు. ఆ కేకకు ఇద్దరు ఆడవాళ్లు గంపలు అక్కడే వదిలేసి దుకాణం వైపు ఉరికారు. అట్టలు రావడం మొదలైంది. కొంగుముడుల్లోంచి, పొగాకు సంచుల్లోంచి, టిఫిన్ డబ్బాల్లోంచి. రాజేశం ఒక్కొక్కటీ అందుకుని ఖాళీ అట్టపెట్టెలో వేస్తున్నాడు. ప్రతిసారీ "మాఫ్ చెయ్యుండ్రి" అంటున్నాడు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు. అది ఆయనకు మరింత కష్టంగా ఉన్నట్టుంది.

నేనూ మనుషులను వరసలో నిలబెడుతున్నాను. అప్పుడు తళుక్కున గుర్తొచ్చింది. పెంబి కమలవ్వ! పొద్దున ఉల్లిగడ్డల దగ్గర నా చేతికి సంచి ఇచ్చి, "పంతులూ, జర పట్టుకో, పిల్లకు గోలీలు తెస్త" అని ఈ దుకాణానికే వచ్చింది. ఆమె మనుమరాలు మమతారాణి నా బడిలోనే చదువుతుంది. మూర్ఛ ఉన్న పిల్ల, ఎప్పుడూ ఈ దుకాణం గోలీలే మింగుతుంది; ఇవాళ కమలవ్వ వెంట తనూ అంగడికి వచ్చింది.

"యుమ్నా, గోలీలు మార్చుకునేందుకు కమలవ్వ మళ్లీ వచ్చిందా?"

"రాలే. ఏం సార్?"

బస్టాండు వైపు చూశాను. పెంబి బస్సు లేదు.

"పోయింది. బస్సు పోయింది!"

కండక్టరుకు ఫోను కలవలేదు. యుమ్నా డాక్టరమ్మ వైపు తిరిగింది. ఆవిడ ఒక అట్ట తీసి చేతిలో పెట్టి, "పో, నేను చూసుకుంట ఇక్కడ" అంది. మల్లేష్ ఆటోలో నేనూ యుమ్నా ఎక్కి కూర్చున్నాం. ఆటో కదిలాక గానీ తెలియలేదు, మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదని. ఊరు దాటి, పత్తి చేలు దాటి, టేకు చెట్ల మధ్యకు వచ్చినా "తెచ్చి మార్చుకపోండ్రి" అని మా ఆటో అడవికి చెప్తూనే ఉంది. దారిలో బర్రెలు అడ్డం వస్తే మల్లేష్ అదే మైకులో వాటినీ తిట్టాడు. యుమ్నా ముందుకు వంగి కూర్చుంది. "ఇంకా జర ఉరికియ్యి అన్నా, ఇంకా జర!"

అటవీ శాఖ చెక్‌పోస్టు మలుపు తిరగగానే బస్సు కనిపించింది. ఆగి ఉంది. జనం కిందికి దిగి గుమిగూడారు.

మమతారాణి రోడ్డు పక్కన గడ్డిలో పడి కొట్టుకుంటోంది. కమలవ్వ గుండెలు బాదుకుంటోంది. ఎవరో ఆ పిల్ల పిడికిట్లో తాళంచెవుల గుత్తి కుక్కుతున్నారు. ఇంకొకాయన పళ్ల మధ్య చెంచా పెట్టబోతున్నాడు.

"నోట్ల ఏం పెట్టకుండ్రి! తియ్యి! ఇనుము తియ్యుండ్రి!" యుమ్నా ఆటో పూర్తిగా ఆగకముందే దూకేసింది. బస్టాండును తిప్పిన గొంతు అది. చెంచా ఆగిపోయింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని పిల్లను పక్కకు ఒత్తిగిలించింది. దుపట్టా మడిచి తల కింద పెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పింది. "గాలి రానీయుండ్రి. చేతులు కాళ్లు పట్టి గుంజకుండ్రి. గదంతట గదే తగ్గుతది" అంటూ గడియారం చూసుకుంటోంది. చూస్తోంది. మళ్లీ చూస్తోంది. తగ్గడం లేదు.

ఆమె తలెత్తి డ్రైవరును చూసింది. "అన్నా, దవాఖానకు పోవాలె. ఇప్పుడే. గోలీలతోని కాదు, సూది పడాలె."

డ్రైవరు బస్సులోని జనాన్ని చూశాడు. అందరూ అంగడి సరుకుతో, ఇళ్లకు పోయే తొందరలో ఉన్నవాళ్లు. కోళ్ల బుట్ట పట్టుకున్న ఒక ముసలామె ముందు నోరు విప్పింది. "చూస్తవేంది? మర్లవెట్టు బండి!" ఆ మాటతో అందరూ ఎక్కేశారు. మల్లేష్ దిగి వెనక నిలబడి "రానీ, రానీ, రానీ" అని చేతులూపుతుంటే, చెక్‌పోస్టు ముందున్న ఆ కాస్త జాగాలో అంత పెద్ద బస్సూ తిరిగింది. సీట్ల మధ్య దారిలో పిల్లను పడుకోబెట్టి, యుమ్నా పక్కనే కూర్చుంది. ముందు మైకు ఆటో, వెనక బస్సు. "జరుగుండ్రి, పానం మీదికొచ్చింది, జరుగుండ్రి!" అని మల్లేష్ అరుస్తుంటే, ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు చేలల్లోకి దిగి దారి ఇచ్చాయి. మనిషి ప్రాణానికి భయం ఒకవైపు. ఇంతమంది ఒక్కటై పరుగెడుతున్నామన్న ఊపు ఒకవైపు. నా జన్మలో అలాంటి ప్రయాణం మళ్లీ చేయలేదు.

ఊరు మొదట్లోనే మా మైకు విని, దవాఖానకు జ్యోతిరాణి మాకన్నా ముందే చేరింది. సూది పడింది. పిల్ల ఒళ్లు మెల్లగా వదులైంది. బస్సులోని వాళ్లంతా వరండా నిండా నిలబడ్డారు. టికెట్టు మిషను చేతిలో పట్టుకునే కండక్టరు కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. చాలాసేపటికి మమతారాణి కళ్లు తెరిచింది. చుట్టూ చూసి, "అమ్మమ్మా, నా జిలేబేది?" అంది.

కమలవ్వ ఏడుస్తూ నవ్వింది. వరండా మొత్తం నవ్వింది. యుమ్నా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

పొద్దుగూకే వేళకు లింగమూర్తి వచ్చాడు. మిగిలిన సరుకును లెక్కపెట్టించి, నమూనాలు తీసి, అందరి ఎదుటా లక్క సీలు వేశాడు. బిల్లు చూపించమన్నాడు. రాజేశం తల దించుకున్నాడు. "ఏజెంటు తర్వాత పంపుత అన్నడు సార్. రేటు అగ్గువకు వస్తున్నదని తీసుకున్న. నాదే తప్పు." తర్వాత ఇన్‌స్పెక్టర్ యుమ్నాను అడిగాడు. సరుకు దిగినప్పుడు తాను దుకాణంలో చేరలేదనీ, అయితే చేరినాక తన చేతులతో కూడా కొన్ని అట్టలు అమ్మాననీ ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు. "సరుకు దాయకుండ, ఏజెంటుకు వాపస్ పంపకుండ ముందు ఫోన్ చేసిన్రు. గది కూడ రాస్తున్న" అన్నాడు.

ప్రయోగశాల నివేదిక రావడానికి సమయం పట్టింది. వచ్చాక తేలింది, ఆ మాత్రల్లో అసలు మందు పేరుకు మాత్రమే ఉంది, మిగిలిందంతా సుద్దలాంటి పొడి అని. ఏజెంటు దొరికాడు. అతని ద్వారా గోదాము దొరికింది. కేసు కోర్టులో నడుస్తోంది. బిల్లు లేకుండా కొన్నందుకు రాజేశం లైసెన్సును కొన్నాళ్లు ఆపేశారు.

షట్టరు మూసి ఉన్న ఆ రోజుల్లో బస్టాండు హోటల్లో ఒకాయన చాయ్ తాగుతూ, "ఆడపిల్ల కూసున్నది, దుకాణం మూసుకున్నది" అన్నాడు. రాజేశం పక్క బల్ల మీదే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"గా పిల్ల కూసోకుంటే నేను జైల్ల కూసుంటుంటి. కమలవ్వ మనుమరాలు మట్టిల ఉంటుండె. ఇగ మాట్లాడు, ఏమన్న ఉంటే."

దుకాణం మళ్లీ తెరిచాక ఏ సరుకు దిగినా యుమ్నా చూసి ఊ అన్నాకే రాజేశం అల్మారాలో పెడుతున్నాడు. మహబూబ్‌బీ మధ్యాహ్నం కూతురికి అన్నం పట్టుకొచ్చి, వచ్చినవాళ్లకు "చిట్టీ లాయే క్యా?" అని తానే అడుగుతోంది.

పోయిన నెల మా బడిలో తల్లుల సమావేశానికి రమ్మని యుమ్నాను పిలిచాను. మందుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నాను. ఒప్పుకుంది. ఇద్దరం పెంబి బస్సెక్కాం. ఊరు దాటక ముందే ముందు సీటులోని ఒకామె గుర్తుపట్టింది. సంచిలోంచి అట్ట తీసి, "బిడ్డా, గిది అసలుదేనా? జర చూడు" అంది. యుమ్నా తీసుకుని, మందు పేరు చదివి, గడువు తేదీ చదివి, దేనికి వాడుతున్నదో అడిగి, ఎలా దాచుకోవాలో చెప్పింది. అంతే, వెనక సీటు లేచింది. దాని వెనకది లేచింది. కొంగుముడులు విప్పుతున్నారు, జేబులు తడుముతున్నారు. ఒకాయన బర్రె మందు కూడా తీశాడు. యుమ్నా కమ్మీ పట్టుకుని నిలబడి, ఊగుతూ, నవ్వుతూ, ఒక్కొక్క సీటే దాటుతోంది. కండక్టరు టికెట్లు మరిచిపోయి తన షుగరు మాత్రల అట్టతో వరసలో నిలబడ్డాడు.

ఆమె ఇంకా చివరి సీటు దాకా రాలేదు, పెంబి వచ్చేసింది. ఎవరూ దిగలేదు. డ్రైవరు ఇంజను బంద్ చేసి, చొక్కా జేబులోంచి తన అట్ట తీస్తూ వెనక్కి తిరిగాడు.